ఎక్కువొచ్చిన ఒక్క బైటు

ఆ రోజుల్లో, అంటే ఎనభైలు ముగింపుకొస్తున్న కాలంలో, కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విప్పి పోయేవాళ్లం. హన్మకొండ చౌరస్తా దగ్గర మా కంప్యూటర్ సెంటరు ఉన్నది చెప్పుల దుకాణం మీది అంతస్తులోనే అయినా సరే, మెట్ల దగ్గర విప్పాల్సిందే. దుమ్ము పడితే మిషన్ పాడవుతుందని మా సారు అనుమానం. మిషన్ ముందు కూర్చుంటే కండ్లు పోతాయని మా అమ్మ అనుమానం. ఇంత చదివి చివరికి టైపు కొడుతున్నాడేమిటని మా బాపు అనుమానం. ఇక నా అనుమానాల సంగతి చెప్పనక్కరలేదు. విప్పిన చెప్పులు కింది దుకాణం వాళ్లు తీసుకుపోయి కొత్తవాటితో కలిపి అమ్మేస్తారేమోనని మొదటి నెలంతా జతలో ఒకటి మెట్ల దగ్గరా, రెండోది కిటికీ కిందా పెట్టేవాణ్ని. (ఒంటి చెప్పు ఎవరు కొంటారని నా తెలివి. సాయంత్రం రెండోదాన్ని వెతుక్కోవడానికి నాకే పావుగంట పట్టేది.)

ఈ గుణం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. మాది కొత్తవాడలో నేతపని ఇల్లు. మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, మగ్గం మీద కూర్చుంటే లోకాన్నంతా నమ్మేవాడు. నేను మాత్రం పొట్లం కట్టించుకొచ్చిన మిర్చి బజ్జీలను కూడా ఇంటికొచ్చి లెక్కపెట్టేవాణ్ని. స్నేహితుడికి ఇచ్చిన పుస్తకం తిరిగొస్తే పేజీలు సరిపోయాయో లేదో చూసేవాణ్ని. అందుకే పెద్దబాపు నాకు ‘జాసూస్’, అంటే గూఢచారి, అని పేరు పెట్టాడు. మా వాడలో ఆ పేరే నిలిచిపోయింది. “జాసూస్ వస్తాండు, చాయ కప్పులు లెక్కవెట్టుకోండ్రి” అని అరుగుల మీద నవ్వుకునేవాళ్లు. నేనైతే అది మెప్పే అనుకునేవాణ్ని.

సెంటర్లో మేం ముగ్గురమే. సారు, నేను, ఫ్లాపీ అన్న. ఫ్లాపీ అన్నకు నాకంటే పదేళ్లు ఎక్కువ. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. ఫ్లాపీలంటే అప్పట్లో ప్రోగ్రాములు దాచుకునే పల్చటి నల్ల పలకలు. వాటిని ఆయన ఒక రేకు బిస్కెట్ డబ్బాలో పెట్టి, డబ్బాకు చిన్న తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. మనిషి మెత్తన, మాట తక్కువ. నేను పక్కకొస్తే డబ్బా మూత టక్కున పడేది. నాలాంటి వాడికి అంతకంటే ఏం కావాలి? ఆ డబ్బాలో ఏముందో అని ఆర్నెల్లుగా నాకు అన్నం సరిగా అరగడం లేదు.

అప్పుడే నేను ప్రోగ్రాములు రాసే సి భాష నేర్చుకుని కన్నూమిన్నూ కానకుండా ఉన్నాను. నేర్చుకున్న రెండు నెలలకే ‘నా లైబ్రరీ’ ఒకటి రాశాను. లైబ్రరీ అంటే పుస్తకాలు కాదు, పదే పదే అవసరమయ్యే పనులను ఒకసారి రాసి పెట్టుకుంటే తర్వాత ఏ ప్రోగ్రాములోనైనా వాడుకోవచ్చు, అదీ సంగతి. వివరాలను వరసగా ఫైల్లోకి ఎక్కించడం, మళ్లీ వరసగా దించడం నా లైబ్రరీ పని. ప్రపంచంలో అంతకు ముందు ఆ పని ఎవరూ చేయలేదన్నట్టు ఉండేది నా నడక.

సరిగ్గా అప్పుడే ఊరవతలి క్రైస్తవ మిషన్ దవాఖాన నుంచి సిస్టరమ్మ వచ్చింది. పుట్టింది కేరళలో అయినా ఇరవై ఏండ్లు మన పల్లెలు తిరిగి మనకంటే బాగా మన భాష మాట్లాడేది. పరకాల చుట్టుపక్కల ఊళ్లలో కంటి పరీక్షలు చేశారట. చత్వారం వచ్చిన నాలుగు వందల పైచిలుకు మందికి ఆదివారం పరకాల చర్చి ఆవరణలో అద్దాలు పంచుతారట. టోకెన్ నంబర్, ఊరు, అద్దాల నంబర్ వేసి మనిషికో చీటీ కావాలి. “చేతితోని రాస్తే రెండుకు మూడు వడ్తది బిడ్డా. ముసలోళ్లకు తప్పు అద్దాలిస్తే బాయిల వడ్తరు. కంప్యూటరైతే తప్పు చెయ్యదట కద?” అంది. మా సారు ఛాతీ పొంగించి ఊరికే చేసిస్తామన్నాడు. పని నాకప్పగించాడు. ఫ్లాపీ అన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడాన్ని నేను మనసులో రాసిపెట్టుకున్నాను.

ఒక్కో మనిషికి నేను దాచింది రెండే సంగతులు. ఊరికి ఒక అక్షరం, పరకాలకైతే ఇంగ్లీషు ‘పి’. దాని పక్కన అద్దాల నంబరు. రెండున్నరను రెండు వందల యాభైగా, చుక్క లేకుండా. కంప్యూటర్లో జాగాను బైట్లలో కొలుస్తారు. అక్షరానికి ఒక బైటు, నంబరు ఎంతైనా దానికి రెండు, మొత్తం మూడు. సోమ, మంగళవారాలు కూర్చుని అందరివీ ఎక్కించాను. చూసుకుంటే అన్నీ సరిగ్గా ఉన్నాయి. బుధవారం ఫ్లాపీ అన్న సెలవు. గురువారం పొద్దున నేను వచ్చేసరికి ఆయన నా మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచాడు. మూత టక్కున పడింది. “ఏం లే తమ్మీ, ఊకె చూస్తాన్న” అన్నాడు. ఊకె ఎవరైనా చూస్తారా?

శుక్రవారం మధ్యాహ్నం, చీటీలు అచ్చువేసే ప్రోగ్రాము తయారుచేసి నడిపించాను. ప్రింటరు కర్రకర్రమని కాగితం వదిలింది. మొదటి టోకెన్, పరకాల, అద్దాల నంబరు ఇరవై వేల నాలుగు వందల ఎనభై. రెండో మనిషి ఊరి జాగాలో ఏదో పిచ్చి గుర్తు, నంబరు మైనస్‌లో. మూడో మనిషికి ఊరే లేదు. మళ్లీ నాలుగో మనిషి పరకాల, ఇరవై వేల నాలుగు వందల ఎనభై. అలా కాగితం మడతలు మడతలుగా కింద పడుతూనే ఉంది. ఇరవై వేల నంబరు అద్దాలు పెట్టుకుంటే ఆ ముసలమ్మకు చంద్రుడి మీద రాళ్లు కనబడతాయి. సిస్టరమ్మ వచ్చేది మర్నాడు సాయంత్రం నాలుగింటికి. మళ్లీ ఎక్కిద్దామంటే కంటి పరీక్షల రిజిస్టరు ఆమె వెంట పరకాల పోయింది.

ఫ్లాపీ అన్న కాగితం చేతిలోకి తీసుకుని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. “మా అవ్వ గూడ ఉన్నది తమ్మీ ఇందుల. పదకొండో టోకెను. ఆమెకు మైనస్ అని వచ్చింది” అన్నాడు. సొంత తల్లి ఉన్న పట్టికను ఎవరైనా పాడుచేస్తారా అని మామూలు మనిషి ఆలోచిస్తాడు. నేను జాసూస్‌ను కదా, అనుమానం రాకుండా ఉండటానికే తల్లి పేరు ఎత్తుతున్నాడని ఆలోచించాను.

ఇక పరిశోధన మొదలుపెట్టాను. ఒక మనిషి వివరానికి ఎన్ని బైట్లు పడతాయో చెప్పమని మిషన్‌నే అడిగాను. నాలుగు అంది. మళ్లీ అడిగాను. నాలుగే. ఒకటీ రెండూ కలిపితే మూడు, వేళ్ల మీద లెక్కపెట్టినా మూడే. మరి ఆ నాలుగో బైటు ఎవరు పెట్టారు? మనిషికో బైటు చొప్పున నాలుగు వందల మందికి నాలుగు వందల పైన బైట్లు నా ప్రోగ్రాములో ఎవరో రహస్యంగా దూర్చారు! వైరస్ అనే మాట అప్పుడప్పుడే పేపర్లలో వస్తోంది. ఒకరి ఫ్లాపీ నుంచి ఇంకొకరి మిషన్‌కు అంటుకుంటుందట. గురువారం పొద్దున, నా మిషన్, తాళం వేసిన డబ్బా. అన్నీ కలిసిపోయాయి. ముందు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. (నవ్వకండి. అది చేతులకు అంటుకునేది కాదని పేపర్లో స్పష్టంగా రాయలేదు.)

తర్వాత పోయి సారుకు చెప్పాను. ఆ మచ్చ మాత్రం చేతులు కడుక్కున్నా పోలేదు. సారు ముందే చెప్పుడు మాటలు తొందరగా నమ్మే మనిషి. ఫ్లాపీ అన్నను పిలిచి, నన్ను పక్కనే నిలబెట్టుకుని అడిగాడు.

“పిలగాని మిషన్ల ఏం చేసినవయ్యా?”

“ఏం చెయ్యలే సార్.”

“మరి గా డబ్బల ఏమున్నయ్?”

అన్న నా వంక ఒకసారి చూశాడు. “కాపీలు సార్” అన్నాడు.

“ఏం కాపీలు? కొత్త ఫ్లాపీలు నేనియ్యకుండ నీకెక్కడియి? డబ్బ ఈడ పెట్టి పో. నేను పిలిచేదాక రాకు. తప్పు తేలితే నౌకరి లేదు, ముందే చెప్తాన్న.”

అన్న మొలతాడు నుంచి తాళంచెవి విప్పి డబ్బా మీద పెట్టాడు. కింద మెట్ల దగ్గర చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాడు. ఇల్లు ఆయన జీతం మీదే నడుస్తుందని నాకు తెలుసు. అవ్వ, భార్య, ఇద్దరు పిల్లలు. పాపమనిపించలేదని చెబితే అబద్ధం. అనిపించింది. కానీ దొంగ దొరికాడన్న సంతోషం ఆ పాపాన్ని పక్కకు నెట్టి కూర్చుంది. సారుకు తాళం తీసే ధైర్యం రాలేదు. మూత తెరిస్తే వైరస్ గదంతా పాకుతుందేమోనని డబ్బాను వరండాలో పెట్టించి మీద గోనెసంచి కప్పించాడు. మేమిద్దరం చదువుకున్నవాళ్లమే సుమా.

శనివారం పొద్దున పెద్దబాపు కేక వేశాడు. కొత్త చెద్దరుకు పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిస్తున్నాడు, పోగులు అందించే మనిషి కావాలట. నా మనసు మనసులో లేదు. అయినా కూర్చుని ఇటు నుంచి ఒక్కో పోగు అందిస్తున్నాను. అటు నుంచి ఆయన దువ్వెనలాంటి అచ్చు సందుల్లోకి లాగుతున్నాడు. ఒక ఎర్ర పోగు, దాని పక్కన తెల్లటి జోడు, మళ్లీ ఒక ఎర్రది, మళ్లీ తెల్లటి జోడు. అంచు మీద చార అట్లా రావాలి. కాసేపటికి నా కన్ను పడింది. ఎర్రపోగు లాగిన ప్రతిసారీ ఆయన పక్కన పెట్టుకున్న రంగు లేని పోగొకటి దాంతోపాటు దూరుస్తున్నాడు.

“పెద్దబాపూ, పోగు ఎక్కువ వేస్తాన్నవ్” అన్నాను.

“మొదలువెట్టినవా జాసూసూ? ఎక్కువ కాదురా. సందుకు రెండు పోగులు పోవాలె. ఎర్రది ఒక్కటే ఉన్నది. దాని పక్కకు తెల్లది దూరిస్తె తెల్ల జోడు ఇరుగుతది, సగం ఈ సందుల, సగం ఆ సందుల. అందుకే ఉత్త పోగొకటి ఏస్తం. దానికి పనేం లేదు, జాగ నింపుతది. జోడు కొత్త సందుల మంచిగ కూసుంటది.”

“అంటే మూడు పోగులకు నాలుగు జాగలా?”

“అంతే మల్ల.”

“ఉత్తది వేయకుండ నేస్తే?”

“అట్ల నేసేటోళ్లున్నరు. ఎట్ల ఎక్కించినవో గట్లనే నెయ్యాలె. సగం దూరం అట్ల, సగం ఇట్ల చేస్తే బట్ట ఆగమైతది. అరే, యాడికి పోతానవురా, పోగు ఇడిస్తివి!”

నేను అప్పటికే వీధి మలుపులో ఉన్నాను. సెంటర్లో సి పుస్తకం జిరాక్స్ కాగితాలు నేల మీద పరిచి వెతికితే, ఆ సంగతి ఉండనే ఉంది. మిషన్ జాగాలను రెండేసి బైట్ల చొప్పున అందుకుంటుంది. రెండు బైట్ల అంకె జోడు మొదట్లోనే కూర్చుంటే ఒక్క పట్టులో దొరుకుతుంది. లేకపోతే సగం ఒక పట్టులో, సగం ఇంకో పట్టులో. అందుకని ప్రోగ్రామును మిషన్ భాషలోకి మార్చే కంపైలరు ఒంటి అక్షరం పక్కన ఒక ఉత్త బైటును వదిలి, అంకెను కొత్త సందులో కూర్చోబెడుతుంది. వదలాలా వద్దా అన్నది కంపైలరు మెనూలో మన ఇష్టం. ‘బైట్’ అంటే వదలదు, ‘వర్డ్’ అంటే వదులుతుంది. నేను మంగళవారం దాకా ఎక్కించింది వదలకుండా, మనిషికి మూడేసి బైట్లు. శుక్రవారం చదివింది వదిలి, నాలుగేసి. మొదటి మనిషి అంకె కోసం చూస్తే పక్క మనిషి ఊరు వచ్చి అందులో దూరింది. పరకాల ‘పి’ కాస్తా ఇరవై వేల నాలుగు వందల ఎనభై అయి కూర్చుంది. వైరస్ లేదు, దొంగ బైటు లేదు.

ఇక్కడైనా నాకు బుద్ధి రావాలి కదా? రాలేదు. మెనూలో ఆ మీట ఎవరు మార్చారు? ఇప్పుడు దొంగతనం ఎలా జరిగిందో కూడా తెలిసిపోయింది! పరుగున పోయి, సారుకు ఇంకా గట్టి ఫిర్యాదు చేశాను. “రుజువు కావాలె” అన్నాడు సారు. సరే, వైరస్ లేదని తేలింది గనక గోనెసంచి తీసి, తాళం తీసి, మూత ఎత్తాం.

డబ్బాలో వరసగా ఫ్లాపీలు. ఒక్కోదాని మీద నీలి సిరాతో అన్న చేతిరాత. ‘పిలగానిది, సోమవారం సాయంత్రం.’ ‘పిలగానిది, మంగళవారం సాయంత్రం.’ ‘పిలగానిది, గురువారం పొద్దున.’ వెనకకు జరిపితే ఇంకా ఉన్నాయి. నేను సెంటర్లో చేరిన మొదటి వారం నుంచి రాసిన ప్రతి ప్రోగ్రాముకూ ఒక కాపీ. నేను ఏనాడూ కాపీ తీసుకునేవాణ్ని కాదు. కరెంటు పోయి పని కొట్టుకుపోతే ఏడ్చేవాణ్ని. సారు కొత్త ఫ్లాపీలు ఇవ్వడు గనక ఆయన తన సొంతవి తెచ్చుకుని, నా పని నాకు తెలియకుండా దాచిపెట్టాడు.

సారు ఒక్కోటీ మిషన్లో పెట్టి, ప్రోగ్రాముతోపాటే కాపీ అయిన మెనూ చూశాడు. సోమవారం ‘బైట్’. మంగళవారం ‘బైట్’. గురువారం పొద్దున ‘వర్డ్’.

“బుధవారం ఆయన సెలవు. ఈ గదిల ఎవలున్నరు?” అన్నాడు సారు.

నేనే. బుధవారం మధ్యాహ్నం పనిలేక మెనూలన్నీ తెరిచి చూశాను. బైట్ అంటే చిన్నది, వర్డ్ అంటే పెద్దది, పెద్దదే మంచిదై ఉంటుందని నొక్కి, భద్రపరిచి, అరటిపండు తిని ఇంటికి పోయాను. అరటిపండు దాకా అన్నీ గుర్తొచ్చాయి.

సారు గురువారం ఫ్లాపీ తీసి నా చేతిలో పెట్టాడు. “అందరి మీద అనుమానం వస్తది కద నీకు. నీ మీద నీకు ఒక్కసారి గూడ రాలేదారా?” అన్నాడు.

మీట మళ్లీ బైట్‌కు మార్చి నడిపిస్తే, రెండు వందల యాభై, నూట యాభై, రెండు వందలు అంటూ నంబర్లు బుద్ధిగా దిగాయి. నాలుగింటికి సిస్టరమ్మ చీటీలు చూసి “కంప్యూటర్ తప్పు చెయ్యదు అంటే నిజమే బిడ్డా” అంది. సారు దగ్గాడు.

ఆదివారం సిస్టరమ్మ జీపులోనే పరకాల పోయాను. చర్చి ఆవరణలో బల్ల వేసి, చీటీ చూసి అద్దాలిస్తున్నారు. పెట్టుకున్నవాళ్లకు పళ్లెంలో బియ్యం పోసి రాళ్లు ఏరమనేవాళ్లు, అదే పరీక్ష. పదకొండో టోకెన్‌కు ఫ్లాపీ అన్న తల్లి చెయ్యి పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి తలూపాడు, అంతే. అవ్వ అద్దాలు పెట్టుకుని మూడు రాళ్లు ఏరి, తలెత్తి నన్ను ఎగాదిగా చూసింది.

“గీ పిలగాడేనారా నీ డబ్బ గుంజుకున్నది?”

“కాదే అవ్వా. మా తమ్ముడు, ఆఫీసుల” అన్నాడు అన్న.

“అన్నా, తప్పయింది. రేపు సారు రమ్మన్నడు” అన్నాను. అంతకంటే పెద్ద మాటలు దారి పొడవునా తయారుచేసుకున్నాను గానీ ఒక్కటీ రాలేదు.

“సరే తమ్మీ. తిన్నవా?”

“కాపీలు తీస్తాన్నవని నాకెందుకు చెప్పలేదన్నా?”

ఆయన నవ్వాడు. కోపం లేని నవ్వే. “చెప్తె, నా ప్రోగ్రామ్ ఎందుకెత్తుకపోతాన్నవ్ అంటవని” అన్నాడు. నేను పళ్లెంలో బియ్యం సర్దాను. ఆయన చెప్పి ఉంటే సరిగ్గా ఆ మాటే అనేవాణ్ని.

ఇప్పుడు నాకూ చత్వారం వచ్చింది. అద్దాల నంబరు సరిగ్గా రెండున్నర. బజ్జీల పొట్లం ఇప్పటికీ లెక్కపెడతాను. కాకపోతే ఒకటి తక్కువైతే దారిలో నేను తిన్నానేమోనని ముందు గుర్తు చేసుకుంటాను, చాలాసార్లు తినే ఉంటాను. ఆ రోజుల్లో మెట్ల దగ్గర ఒక చెప్పు, కిటికీ కింద ఒక చెప్పు దాచుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ ఆదివారం తెల్లారి, సోమవారం, అన్న ఎప్పటి బస్సుకే వచ్చాడు. డబ్బాకు మళ్లీ తాళం వేయలేదు. తెరిచిన మూతతోనే బల్ల మీద ఉండేది. ఇంటికి పోయే ముందు నా బల్ల దగ్గరికొచ్చి, “తమ్మీ, నీది కాపీ తీసుకోవచ్చునా?” అని అడిగాడు. “తీసుకో అన్నా” అన్నాను. మర్నాడూ అడిగాడు. నేను ఆ సెంటర్ వదిలిపెట్టే దాకా రెండేళ్లు, రోజూ సాయంత్రం అడిగి, నేను సరేనన్నాకే తీసుకునేవాడు.